వెడల్పు చక్రాలు, వేలెడు సందు

సస్పెన్షన్‌లో గడిచిన బతుకు

ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నేను సస్పెన్షన్‌లోనే ఉన్నాను. శ్రీకాకుళం వైపు చుట్టాలకి ఈ మాట ఎన్నిసార్లు విడమర్చినా తలకెక్కలేదు. "మరేటి తప్పు సేసినావురా, ఇన్నేళ్లయినా మళ్లీ ఉజ్జోగంలోకి తీసుకోనేదు" అని మా మేనత్త పోయేదాకా బెంగ పెట్టుకునే ఉంది. జంషెడ్‌పూర్‌లో బండ్లు తయారుచేసే కంపెనీలో సస్పెన్షన్ అంటే చక్రానికీ బండి ఒంటికీ మధ్య ఉండే సరంజామా అనీ, గతుకు చక్రానికి తగిలితే అది మనిషి నడుముదాకా రాకుండా చూడడమే నా పని అనీ చెప్పాను. "అయితే ఆ రోడ్డేదో బాగు సెయ్యొచ్చు కదా" అంది. అందులో న్యాయముంది. కాకపోతే రోడ్లు బాగుంటే నాకు జీతం ఎవరిస్తారు?

నా పేరు సింహాచలం. అచలం అంటే కదలనిది. కదలని పేరు పెట్టుకుని, కదిలే బండ్ల కింద వెల్లకిలా పడుకుని బతుకు గడిపాను. నీడపట్టు ఉద్యోగమని ఊళ్లో చెప్పుకునేవాణ్ణి. అబద్ధం కాదు, లారీ కింద ఎండ తగలదు.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే మా ఆవిడకి అడ్డం. అందుకని సిద్ధగోరాలో ఇంటి దగ్గర బయల్దేరి, ఖర్కాయి నది దాటి, ఆదిత్యపూర్‌లో మహతో షెడ్డుకి వెళ్లి వస్తుంటాను. పాత కార్లు బాగుచేసే షెడ్డు అది. కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లు అక్కడ నన్ను అడుగుతుంటారు, ఈ పనిలో ముఖ్యంగా తెలియవలసింది ఏమిటని. నాకొచ్చిన ప్రమోషన్ల గురించి రాస్తే సగం పేజీ ఖాళీగా మిగులుతుంది. అందుకని ఒక కారు గురించీ, ఒక సార్ గురించీ రాస్తాను. మిగతా పాఠం అందులోనే ఉంది.

నిద్రపోని సార్

రత్నం గారు మా టెస్టింగ్ విభాగానికి పెద్ద. గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. వాళ్ల నాన్నగారు ఇక్కడి బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి ఉండిపోయారు. కొత్త లారీ ఏది తయారైనా రత్నం గారు డ్రైవరు పక్కన కూర్చుని రాంచీ వెళ్లి వచ్చేవారు. దారిలో తైమారా ఘాటీ ఉంటుంది, కొండ పక్కన మలుపులు, సాల అడవి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆయన ఒక చెయ్యి తలుపు మీద పెట్టుకుని, కళ్లు రెండూ తెరుచుకుని కూర్చునేవారు. రెప్ప వేసినట్టు కూడా చూసినవాళ్లు లేరు.

"సార్, కాస్త నడుం వాల్చండి" అని ఓసారి అన్నాను.

"నాకు నిద్ర పట్టిన రోజున ఈ బండి పాసైనట్టు" అన్నారాయన.

ఆ లెక్కన నా సర్వీసులో ఒక్క బండీ పాస్ కాలేదు. కాగితాల మీద అన్నీ అయ్యాయి, అది వేరు.

ఒకసారి లారీ వెనక చక్రాలకీ చట్రానికీ మధ్య సందు చూడమన్నారు. నేను గొయ్యిలో దిగి, పైన బరువులు వేయించి, బండిని కిందికీ పైకీ ఊపించి, టైరు ఎక్కడా తగలడం లేదని చెప్పాను. ఆయన గొయ్యి అంచుకి వచ్చి వంగారు.

"ఈ లారీ రోడ్డు మీద గంతులేస్తుందా, నడుస్తుందా?"

"నడుస్తుంది సార్."

"తిన్నగానే నడుస్తుందా?"

ఆ మధ్యాహ్నం కంపెనీ మైదానంలో లారీని అటూ ఇటూ మలుపులు తిప్పించి, నన్ను వెనక కట్టేసినట్టు కూర్చోబెట్టి టైరు వంక చూడమన్నారు. చూశాను. మలుపు మలుపుకీ టైరు పక్కకి జరిగి చట్రాన్ని ముద్దుపెట్టుకుని వస్తోంది. తిన్న అన్నం గొంతులోకి వచ్చింది గాని పాఠం మాత్రం లోపలికి వెళ్లింది.

"నిలబడ్డ బండి పెళ్లిచూపుల్లో కూర్చున్న మనిషి లాంటిది సింహాచలం. అందరూ మంచివాళ్లే. గుణం మలుపులో తెలుస్తుంది" అన్నారు.

ఇంతకన్నా మంచి గురువు నాకు దొరకలేదు. అయినా ఉన్నమాట చెప్పాలి. ఆయనలో ఒక లోపం ఉంది. ఒకసారి తేదీ అనుకున్నాక ఇంక దానికి తిరుగు లేదు. పని తేదీకి లొంగాలి గాని తేదీ పనికి లొంగకూడదు అనేవారు. అటువంటి పైఅధికారులు మీకూ తగులుతారు, సాధారణంగా మంచివాళ్లే అయి ఉంటారు. ఇనుముకీ రబ్బరుకీ మాత్రం క్యాలెండరు చదవడం రాదని గుర్తుపెట్టుకోండి.

ముదురాకుపచ్చ కారు

రత్నం గారికి ఒక పాత స్పోర్ట్స్ కారుంది. ఇంగ్లండు తయారీ, రెండే సీట్లు, గుడ్డ పైకప్పు, ముదురాకుపచ్చ రంగు. దేశం వదిలి వెళ్తున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర వాళ్ల నాన్నగారు కొన్నారట. స్పోకుల చక్రాలు. ఒక్కో చక్రాన్నీ మధ్యలో రెండు చెవుల పెద్ద నట్టు ఒక్కటే పట్టుకుని ఉంటుంది. ఆ చెవుల మీద రాగి సుత్తితో కొడితే చక్రం ఊడుతుంది, ఇంకోవైపు కొడితే బిగుస్తుంది. చెవులు మెలితిప్పే మేస్టార్ల కాలంనాటి కారు మరి.

ఈమధ్య ఆయన చూపు మందగించింది. స్టీరింగ్ కూతురు షారన్ చేతికి వచ్చింది. ఆ అమ్మాయి బడిలో లెక్కలు చెబుతుంది. నాలాంటివాళ్లు తెలుగులో అడిగితే సగం హిందీలో జవాబిస్తుంది, ఇక్కడి పిల్లలందరిలాగే. పోయినేడు వానల్లో తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని రాంచీ వెళ్తుంటే ఘాటీ మలుపులో కారు వెనక భాగం జారింది. గిర్రున తిరిగి, రోడ్డు పక్క ఇనప కంచెకి జానెడు దూరంలో ఆగింది. ఇద్దరికీ దెబ్బలేం తగల్లేదు. కాని ఆ రోజునుంచీ రత్నం గారికి ఒకటే ధ్యాస. వెనక వెడల్పు చక్రాలు వెయ్యాలి.

"సన్నటి టైర్లు సింహాచలం. పట్టు లేదు. పిల్ల చేతిలో కారు పెట్టి నేనిలా కూర్చోలేను."

రాంచీలో ఏటా పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. ఈ ఏడాది ఎలాగైనా వెళ్లాలన్నారు. ఎందుకంత పట్టుదలో ఒక సాయంత్రం తనే చెప్పారు.

"ఘాటీలో చెట్లు ఈ ఏడు ఇంకా చెట్లలాగే కనిపిస్తాయి. వచ్చే ఏడు పచ్చటి మసకలాగా ఉంటాయేమో. మా నాన్న నన్ను మొదటిసారి తీసుకెళ్లింది ఈ కారులోనే."

మహతోకి చెప్పి వెడల్పు చక్రాలు తెప్పించాను.

వేలి కొలత

చక్రం వెడల్పు చేయడమంటే పెద్ద చక్రం తెచ్చి తగిలించడం అనుకుంటారు కుర్రకారు. వెడల్పు పెరిగితే చోటు తగ్గుతుంది. ఈ సూత్రం నా పొట్టకీ స్కూటరు హ్యాండిల్‌కీ మధ్య ఏనాడో రుజువైంది. ఈ కారు వెనక ఇరుసు రెండు కమాను పట్టీల మీద కూర్చుని ఉంటుంది. టైరుకి లోపలివైపు ఆ పట్టీలు, బయటివైపు మడ్‌గార్డు అంచు. ఆ అంచు లోపలికి మడిచిన ఇనప రేకు. చూడ్డానికి అమాయకంగా ఉంటుంది, తిరిగే టైరుకి మాత్రం అది కత్తిపీట.

మహతో మనుషులు చక్రాలు తగిలించారు. సీట్లలోనూ డిక్కీలోనూ ఇసక బస్తాలు వేసి కారుని కుంగదీశారు. టైరు మడ్‌గార్డు లోపలికి సాఫీగా వెళ్లింది, ఎక్కడా తగల్లేదు. అప్పుడు మహతో సందు కొలిచాడు. కొలబద్ద తియ్యలేదు. మా షెడ్లన్నిటిలో ఉన్న అలవాటే, వేలు పెట్టి చూశాడు. ఎడమవైపు రెండు వేళ్లు దూరాయి. కుడివైపు ఒకటే, అదీ ఇరుగ్గా. పాత కార్లలో ఇరుసు సరిగ్గా నడిమధ్యన ఉండదు, ఓ పక్కకి ఒదిగి ఉంటుంది.

"ఏక్ ఉంగ్లీ బహుత్ హై, చాచా" అన్నాడు మహతో. ఒక్క వేలు చాలన్నమాట.

"ఎవరి వేలు?" అన్నాను. మహతో వేళ్లు బెండకాయల్లా ఉంటాయి, నావి చేమదుంపలు.

రత్నం గారివైపు తిరిగి అసలు సంగతి చెప్పాను. కమాను పట్టీల చివర రబ్బరు బుష్షులు ముసలివైపోయాయి. మలుపులో కారు ఒళ్లు పక్కకి జరుగుతుంది. బస్తాలు వేస్తే కిందికి దిగుతుంది గాని పక్కకి జరగదు. మలుపులు తిప్పి చూడందే ఘాటీకి వెళ్లకూడదు.

"రేపు పూజ అయ్యాక ఒక రౌండు వేద్దాం. అది చాలు" అన్నారాయన.

"సార్, ఒక రౌండుతో తేలుతుందా? మీరే కదా నన్ను లారీ వెనక…"

"ఎల్లుండి పొద్దున ఊరేగింపు. రేపు మధ్యాహ్నం బయల్దేరాలి. తేదీ అనుకున్నాం."

పక్కన షారన్ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ నేల చూపులు చూస్తోంది.

పసుపు

మర్నాడు విశ్వకర్మ పూజ. మన ఆయుధపూజ లాంటిదే, కాకపోతే ఈ ఊళ్లో దీని ముందు మిగతా పండగలన్నీ చిన్నవి. షెడ్డులో ఉన్న ప్రతి పానా, ప్రతి సుత్తి, జాకీలు, స్క్రూడ్రైవర్లు అన్నీ కడిగి, సిందూరం పెట్టి విగ్రహం ముందు పేరుస్తారు. ఇంక నిమజ్జనం దాకా వాటిని ఎవరూ ముట్టరు. ఏడాదంతా మనకి చేసిన పనిముట్లకి ఆ ఒక్కరోజు సెలవు. మనిషికి జ్వరమొచ్చినా సెలవివ్వని మహతో ఈ విషయంలో మాత్రం చాలా నియమంగా ఉంటాడు. వాళ్ల నాన్న నేర్పిన నియమం.

మా ఆవిడ వరలక్ష్మి గిన్నె నిండా పసుపు కలుపుకుని వచ్చింది. రత్నం గారికి కంగారు పుట్టింది.

"అమ్మా, మేం పొద్దున్నే ప్రార్థన చేసుకున్నాం. పసుపు ఎందుకులే, పెయింటు…"

"ప్రార్తన మనుసులకి సార్. పసుపు టైర్లకి. మీ పెయింటు నాను ముట్నులెండి."

మాట తప్పలేదు. పెయింటు జోలికి పోకుండా నాలుగు టైర్ల చెంపలకీ పట్టించింది. వెనక టైర్ల దగ్గరికొచ్చేసరికి, "ఈటి సెంపలు పెద్దవి" అని ఇంకో రెండు గుప్పిళ్లు అదనంగా పులిమింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. స్టీరింగ్ దగ్గర షారన్, పక్కన తండ్రి. వెనక డిక్కీలో రాంచీ సామాను. నిమ్మకాయలు తొక్కించి, దగ్గర్లో నాలుగు రోడ్లు కలిసేచోట ఉన్న గోల్‌చక్కర్ చుట్టి వచ్చారు.

"ఎలా ఉంది సార్?" అన్నాను.

"చాపకింద నీరులా పోయింది. చూశావా?" అన్నారు. ఆయన ముఖం చూస్తే నాకూ నమ్మాలనిపించింది.

అందరం విస్తళ్లు పట్టుకుని ఖిచిడీ, తీపి బూందియా తింటున్నాం. మా ఆవిడ కారు చుట్టూ తిరుగుతోంది, తన పని ఎలా కుదిరిందో చూసుకోవాలి కదా. కుడి వెనక చక్రం దగ్గర ఆగిపోయింది.

"ఇదిగో, ఇటు రండి. నా పసుపెవుడు తుడిసేసినాడు?"

"ఎవరి చెయ్యో తగిలుంటుందిలే."

"సెయ్యి తగిల్తే ఇలాగ పోద్దేటి? గీత గీసినట్టు పోయింది."

విస్తరి పక్కన పెట్టి వెళ్లాను. మోకాళ్లు పటపటమంటుండగా కూర్చుని చూశాను. మిగతా మూడు టైర్ల చెంపలు పసుపు నిండుగా పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. ఈ ఒక్కదాని మీద, టైరు పైఅంచుకి కాస్త కింద, వంపు తిరిగిన నల్లటి చార. చుట్టూతా కాదు, అక్కడక్కడ. మడ్‌గార్డు లోపలికి వేలు పోనిచ్చి మడత అంచు వెంట లాగాను. వేలు బయటికి తీస్తే పసుపు అంటుకుని ఉంది.

ఫ్యాక్టరీలో రెండు ఇనుప ముక్కలు ఎక్కడ తగులుతున్నాయో తెలియాలంటే ఒకదానికి నీలం రంగు పూసి రెండోదాని మీద మచ్చ చూసేవాళ్లం. మా ఆవిడ అదే పరీక్ష పసుపుతో చేసింది, చేసినట్టు ఆవిడకి తెలియదు.



గోల్‌చక్కర్

రత్నం గారు ఒప్పుకోలేదు.

"పసుపు తడిగా ఉంది. బురద తగిలుంటుంది. షారన్, స్టార్ట్ చెయ్యి. వాన మొదలయ్యేలోపు చాండిల్ దాటాలి."

ఇదీ నేను జీవితంలో ఎప్పుడూ అలవాటు చేసుకోని పని. ఆయనకి ఎదురుచెప్పడం. చక్రం ముందుకి వెళ్లి నిలబడ్డాను. ధైర్యంతో కాదు, అక్కడికి వెళ్లాక కాళ్లు ఇంక కదల్లేదు. అచలం పేరు అప్పుడు కాస్త పనికొచ్చింది.

"సార్, ఇంకొక్క రౌండు. మళ్లీ పసుపు రాయిస్తాను. ఈసారి మీ సీట్లో నేను కూర్చుంటాను. మీ బరువుకి నా పొట్ట సరిపోతుంది. పసుపు చెరక్కపోతే నేనే గేటు తీసి పంపుతాను."

ఆయన వాచీని కళ్లదగ్గరికి తెచ్చుకుని చూశారు. షారన్ మాత్రం "డాడీ, ఉతరియే" అంది మెల్లగా. దిగమంది. ఆయన తలుపు పట్టుకుని దిగారు.

వరలక్ష్మి మళ్లీ పట్టించింది. "ఈసారెవుడైనా తుడిత్తే ఊరుకోను" అని టైరుకే చెప్పింది.

రోడ్డెక్కాక షారన్‌కి చెప్పాను. "అమ్మా, ఘాటీలో ఎంత స్పీడుంటుందో గోల్‌చక్కర్‌లో అంతకి తగ్గట్టు తిప్పు. భయపడకు."

"ఆప్ డర్ రహే హైఁ, అంకుల్" అంది. భయపడుతున్నది మీరే అని. నిజమే, రెండు చేతులతో సీటు పట్టుకుని ఉన్నాను.

గోల్‌చక్కర్ దగ్గర కారు కుడికి తిరగడం మొదలుపెట్టింది. కుడికి తిరిగితే కారు ఒళ్లు ఎడమకి జరుగుతుంది. చక్రాలేమో రోడ్డుని పట్టుకుని ఉన్నచోటే ఉంటాయి. అంటే కుడి మడ్‌గార్డు అంచు కుడి టైరు చెంప మీదికి వాలుతుంది. ఇదంతా నేను బోర్డు మీద బొమ్మ గీసి ఎందరికో చెప్పినదే. బొమ్మలో కూర్చుని చూడ్డం వేరు. మొదటి చుట్టు నిశ్శబ్దం. రెండో చుట్టులో షారన్ ఇంకాస్త నొక్కింది. రోడ్డు మీద ఒక చిన్న గొయ్యి. కారు ఒరిగి ఉండగానే చక్రం పైకి లేచింది.

వెనకనుంచి "సర్ర్"మని చప్పుడు. కుట్టుపని దగ్గర బట్ట చింపినట్టు, పొట్టిగా. కాలిన రబ్బరు వాసన ముక్కుకి తగిలింది.

షారన్ నావైపు చూడలేదు. మూడో చుట్టు అక్కర్లేకపోయింది. కారుని నడిచినంత మెల్లగా షెడ్డుకి తీసుకొచ్చింది.

రత్నం గారు గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. దగ్గరికొచ్చి వంగారు గాని ఆయనకి చార కనిపించడం లేదని తెలుస్తూనే ఉంది. నేను ఆయన చెయ్యి పట్టుకుని చూపుడువేలు టైరు చెంప మీద పెట్టాను. వేలు నెమ్మదిగా వంపు వెంట వెళ్లింది. ఒకచోట ఆగింది. అక్కడ పసుపే కాదు, రబ్బరు కూడా తెగింది. సన్నగా, దారం పరిచినట్టు.

ఆయన గోరు ఆ గాటులో దిగింది.

"ఒక్క గోల్‌చక్కర్‌కే ఇంత" అన్నారు.

ఘాటీలో మలుపులెన్నో మా ఇద్దరికీ తెలుసు. దిగుడు వేగంలో, కుడి మలుపులో, ఒక పక్క ఖాళీ గాలి ఉండగా టైరు చెంప చీలితే ఏమవుతుందో చెప్పుకోనక్కర్లేదు. ఆయన వేలు గాటులోంచి తీసి, ఆ వేలినే చూసుకుంటూ నిలబడ్డారు. వేలంతా పసుపు.

పూజలో లేని సుత్తి

"పాత చక్రాలు వేస్తే?" అన్నారు కాసేపటికి.

పాత సన్న చక్రాలు షెడ్డు మూలనే ఉన్నాయి. మార్చడం ఎంతోసేపటి పని కాదు. కాని మార్చాలంటే సుత్తి కావాలి, జాకీ కావాలి. షెడ్డులో ఉన్నవన్నీ సిందూరం పెట్టుకుని దేవుడి ముందు సెలవులో ఉన్నాయి.

మహతోని నేను అడగలేదు. అడిగితే కాదనలేక ఇబ్బంది పడతాడు, అవునన్నా ఏడాదంతా ఇబ్బంది పడతాడు. ఒకరి నియమం మన తొందరకి తెగకూడదు. అతని మనుషులు కూడా దూరంగా జరిగి నిలబడ్డారు. మధ్యాహ్నం వంగుతోంది. దళ్మా కొండ మీద మబ్బు నల్లగా దిగుతోంది. రత్నం గారు స్టూలు మీద కూర్చుని, "ఇంక వద్దులే. షారన్, సామాను దింపు" అన్నారు. ఆయన నోట తేదీ మారడం నేను విన్నది అదే మొదలు. వినడానికి బాగోలేదు.

షారన్ డిక్కీ తెరిచింది. పెట్టె తీసింది. దాని కింద పాత తువ్వాలులో చుట్టిన మూట ఉంది. మహతో దగ్గరికొచ్చి ఆ మూట వంక చూశాడు, విగ్రహం వంక చూశాడు, మళ్లీ మూట వంక చూశాడు.

"యే తో పూజా మే బైఠా హీ నహీ" అన్నాడు.

ఇది పూజలో కూర్చోనేలేదు. కారుతోపాటు వచ్చిన సుత్తి, కారుతోపాటు వచ్చిన జాకీ. రెండూ డిక్కీలోనే ఉండిపోయాయి, ఎవరికీ గుర్తులేక. సిందూరం పడలేదు కాబట్టి సెలవు లేదు.

"మేం చెయ్యి వెయ్యం, చాచా. మీరు చేసుకుంటే విశ్వకర్మ బాబా ఏమీ అనుకోడు" అన్నాడు హిందీలో. అతని నియమానికి అతనే న్యాయమూర్తి, తీర్పు అతని నోటినుంచే రావాలి. వచ్చింది.

నేను జాకీ తిప్పాను. కొట్టడం మాత్రం షారన్‌నే కొట్టమన్నాను. దారిలో అవసరమైతే నేను ఉండను కదా. మొదటి దెబ్బ నట్టుకి తగల్లేదు, రెండోది తగిలింది.

"డాడీ" అంది, సుత్తి ఎత్తి. "పోయినేడు జారింది టైరు సన్నదని కాదు."

ఒక దెబ్బ.

"మీరు ఇంకొంచెం తొక్కు, ఇంకొంచెం తొక్కు అన్నారు."

ఇంకో దెబ్బ. నట్టు కదిలింది.

"నేను తొక్కాను. మీరు చెప్తే కాదనడం నాకు రాదు."

నేను జాకీ వంకే చూస్తూ ఉండిపోయాను. ఏళ్ల తరబడి ఆయన కింద పనిచేసిన నాకే కాదనడం ఇవాళ వచ్చింది. ఆ పిల్లకి ఎలా వస్తుంది?

రత్నం గారు, "ఈసారి నోరెత్తను" అన్నారు.

"ప్రామిస్?"

"నీ పక్కన కూర్చునే సామానుని నేను. అంతే."

సన్న చక్రాలు ఎక్కాయి. నట్లు బిగించాక షారన్ చేతే ఇంకోసారి కొట్టించాను. వరలక్ష్మి మిగిలిన పసుపు వాటికీ రాసింది. గోల్‌చక్కర్ మూడుసార్లు తిప్పించాను. చెంపలు చెక్కుచెదరలేదు.

"అమ్మా, వాన పడితే తొందరపడకు. పట్టు టైరులో కొంతే ఉంటుంది, మిగతాది పాదంలో" అని చెప్పాను. మాట ఇచ్చినట్టే గేటు నేనే తీశాను.

ఘాటీ

తర్వాతి పని ముందే చెప్పేస్తాను. పూజ అయ్యాక మడ్‌గార్డు లోపలి మడతని అణిచి నున్నగా చేశాం. బుష్షులు కొత్తవి వేశాం. ఇరుసుని నడిమికి తెచ్చాం. కోసుకుపోయిన టైరు పారేసి కొత్తది తెచ్చాం. అప్పుడే వెడల్పు చక్రాలు మళ్లీ ఎక్కాయి, పసుపు రాసి మలుపులు తిప్పాకే కారు గేటు దాటింది. మహతో షెడ్డులో ఇప్పుడు కొలబద్ద పక్కన పసుపు డబ్బా ఉంటుంది. వేలు ఇప్పటికీ పెడతాడు, కాని ఆఖరి మాట వేలిది కాదు. మీరు ఏ షెడ్డులో ఉన్నా టైరు చెంపకి ఏదో ఒకటి పూసి, బరువు వేసి, మలుపుల్లో తిప్పండి. కుడీ ఎడమా రెండూ చూడండి. ఒకటి చూసి రెండోది అలాగే ఉంటుందనుకోవడానికి అవి కవలలు కావు, తోడికోడళ్లు. ఇంక పైఅధికారి తొందరపెడితే చక్రం ముందు నిలబడండి. కాళ్లు వణికినా ఫరవాలేదు, నిలబడితే చాలు.

ఆ సాయంత్రం మాత్రం ఇవేవీ నాకు తోచలేదు. ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. ఫోను బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. సన్న టైర్లు, తడి రోడ్డు, పోయినేడు జారిన మలుపు. పట్టు కోసం వేసిన చక్రాలు నేనే తీయించాను. ఏదైనా అయితే ఆ మాట నాకెవరూ చెప్పనక్కర్లేదు. రెండుసార్లు చేద్దామనుకుని, ఘాటీలో ఫోను మోగడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదని మానుకున్నాను. వరలక్ష్మి టీ తెచ్చి పెట్టింది. అది చల్లారింది. ఇంకోటి పెట్టింది.

"ఏటలాగ ఊగుతన్నారు? కుర్సీకి కూడా సస్పెన్సనేసినారేటి?" అంది.

దీపాలు పెట్టే వేళకి ఫోను మోగింది. షారన్.

"అంకుల్, ఘాటీ దాటేశాం. రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర ఆపాను" అని ఆగి, "తైమారా అయిపోయింది, అంకుల్. డాడీ చెట్లు సగం కూడా చూడలేదు" అంది. గొంతు కిందికి దింపి మాట్లాడుతోంది.

"ఏమయిందమ్మా? నాన్నగారు బాగానే ఉన్నారా?"

"చెట్లు చూడాలన్నారు కదా. మొదటి మలుపులో చూస్తూనే ఉన్నారు. చెయ్యి తలుపు మీద ఉంది. రెండో మలుపులో చెయ్యి ఒళ్లోకి వచ్చేసింది. లేపనా వద్దా అనుకున్నాను, వానలో చేతులు వదల్లేక లేపలేదు." మళ్లీ ఆగింది. "సో రహే హైఁ అంకుల్. ఇప్పుడు కూడా నిద్రే, గురక పెడుతున్నారు. టీ తెచ్చినా లేవలేదు."

అవతల వాన చప్పుడు, గుడ్డ పైకప్పు మీద.

"లేపకమ్మా" అన్నాను. "కారు పాసైంది."